తెల్లజెండా దగ్గర ఒక చెవి

పొగమంచుని మా భాషలో మొహోలీ అంటాం.
ఈ బూడిదరంగు గుర్రం పేరూ అదే.
ఖ్వాబానె పోయిన మూడో నెలలో
సగం డబ్బిచ్చి, సగం జొన్న కోతలయ్యాక ఇస్తానని
ఆయన భార్య మాత్సెకో దగ్గర కొన్నాను.
"నోరు మెత్తన, డెక్క గట్టి" అంది.
"అలవాటొకటుంది, నీకే తెలుస్తుందిలే" అంది.
నవ్వలేదు.

తెలిసింది.
సెమోంకాంగ్ దాటాక దారి చీలే చోట
పొడుగాటి కర్రకి తెల్లగుడ్డ ఎగురుతుంటే
ఆ ఇంట జొన్నబీరు సిద్ధమైందని గుర్తు.
వీపు మీద జర్మనీ నుంచి వచ్చినామె,
కొత్త బూట్లు, పిడికిళ్ళలో పగ్గాలు.
ముందున్న ఐదు గుర్రాలూ జలపాతం వైపు కుడికి తిరిగితే
ఇది ఎడమకి తిరిగి
గుడిసె గుమ్మం ముందు నిలబడింది,
సరిగ్గా ఒక ముంత తాగే సేపు.
తర్వాత తనంతట తనే కదిలింది.
ఇదీ యాత్రలో భాగమే అనుకుని ఆమె ఫొటో తీసుకుంది.
మా యజమాని రామొహాపి అలా అనుకోలేదు.
"పదిహేను రోజులిస్తాను" అన్నాడు.

మొదటిరోజు నేను చేసిన తప్పు చెప్తాను.
చీలిక దగ్గరే కొట్లాడాను.
అది ఎడమకి, నేను కుడికి,
మూడొందల కిలోలతో చేతిబలం పందెం.
దాని నోట్లో ఇనుము, నా అరచేతుల్లో బొబ్బలు.
జెండా గెలిచింది.

రెండోరోజు నుంచి అటే వెళ్ళలేదు.
దారే లేని గడ్డినేలలో మొదలుపెట్టాను.
ముందు నేను చూడాలి, వెళ్ళాల్సిన వైపు.
చూపు తిరిగితే భుజం తిరుగుతుంది,
భుజం తిరిగితే నడుం కాస్త వాలుతుంది,
ఆ వాలు జీనులోంచి దాని వెన్నులోకి ఇంకుతుంది.
ఆ తర్వాతే కాలు.
అప్పటికీ వినకపోతే పగ్గం,
తడిసిన దారం ముడి విప్పుతున్నంత నెమ్మదిగా.
ఒక్క అడుగు ఇచ్చిందా, వెంటనే వదిలెయ్యాలి.
గుర్రానికి పాఠం చెప్పేది ఆ వదలడమే అనేవాడు మా మేనమామ.
తను మాత్రం ఏదీ వదిలేవాడు కాదు,
ఎదుటివాళ్ళ అప్పులతో సహా.

అరిగిన బాట నుంచి ఐదడుగులు పక్కకి, మళ్ళీ బాటలోకి.
మర్నాడు ఇరవై.
ఇంకో రోజు తోటి గుర్రాలు కొండ చుట్టి పోతుంటే
మేమిద్దరం రాళ్ళ మధ్య నుంచి.
ముందు తోక కనపడక సకిలించేది,
మెడ తిప్పి తిప్పి చూసేది.
నేను ఏదో ఒకటి మాట్లాడేదాన్ని,
సబ్బు ధర, చెల్లెలి లెక్కల పరీక్ష,
గొంతు ఆగకపోతే చాలు దానికి.

పన్నెండో రోజు జెండా దాటాం.
ముప్ఫై గజాల ముందే చూపుని కుడివైపు కొండకొమ్ముకి కట్టేశాను,
ఊపిరి బిగబట్టలేదు, బిగబడితే దానికి తెలిసిపోతుంది.
అడుగు తడబడింది.
తడబడి, కుడికి.
పగ్గం వదిలి మెడ నిమిరితే
మెడంతా చెమట.
ఆ రోజు ఎండే లేదు.

సాయంత్రం బాకీ తీర్చడానికి వెళ్ళి
మాత్సెకోకి చెప్పాను, కాస్త గొప్పగానే.
బఠాణీలు ఒలుస్తోంది. చెయ్యి ఆగలేదు.
"చివరి రెండేళ్ళూ ఆయనకి చూపు ఆనేది కాదు" అంది.
"ఏ ఇంట జెండా కట్టారో అదే చూసి ఆగేది,
ఆగితే దిగేవాడు.
తిరుగుదారిలో దాని మీదే నిద్రపోయేవాడు.
ఒక్కసారీ తప్పు గుమ్మంలో దించలేదు."
తొక్కలు ఒళ్ళోంచి దులుపుకుంది.
"మాంసం అమ్మే ఎర్రజెండా దగ్గర మాత్రం ఆగేది కాదు.
మా దగ్గర ఎంతుందో దానికీ తెలుసు."
మిగిలిన డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.
ఆమె లెక్కపెట్టుకోలేదు.

ఇప్పుడు మొహోలీ మీద ఎవరు కూర్చున్నా
వాళ్ళు చూసిన వైపే వెళ్తుంది.
రామొహాపి దాన్ని వరసకి ముందు పెడుతున్నాడు.
తెల్లజెండా ఎగిరే రోజున వెనక నుంచి గమనిస్తుంటాను.
నాలుగు కాళ్ళూ కుడికి, మెడ కుడికి.
ఎడమ చెవి ఒక్కటి
ఆ గుడిసె వైపు తిరిగి, కాసేపు అక్కడే ఉండి,
వస్తుంది.

చెవికి పగ్గం లేదు.
ఉన్నా వెయ్యను.